అరబీ మాటలు నోటికి రావాలంటే: తరగతి గదిలో ఆడించదగిన ఆటలు

ఆట బాగా సాగిందో లేదో పిల్లల నవ్వుల్ని బట్టి చెప్పలేం. ఆ పావుగంటలో ఒక్కొక్కరు ఎన్నిసార్లు మాటను బుర్రలోంచి వెతికి తీశారన్నదే అసలు లెక్క. ముప్పై మంది ఉన్న తరగతిలో ఇద్దరిద్దరిని బోర్డు దగ్గరికి పిలిచి, అర నిమిషం చొప్పున ఆడిస్తే 15 నిమిషాల్లో 30 వంతులు పడతాయి. అంటే ఒక్కొక్కరికి రెండే అవకాశాలు. అదే పావుగంట అందరినీ జంటలుగా కూర్చోబెట్టి కార్డులు చేతికిస్తే, కార్డుకు పది సెకన్లు పట్టినా 90 కార్డులు తిరుగుతాయి, ఒక్కొక్కరికి 45 సార్లు వస్తుంది. ఏ ఆట ఎంచుకున్నా ముందు ఈ భాగహారం చేసుకోండి.

ఇంకో తేడా కూడా చూసుకోవాలి. 'కితాబ్' అని వినగానే నాలుగు బొమ్మల్లో పుస్తకం మీద వేలు పెట్టడం గుర్తుపట్టడం. పుస్తకం బొమ్మ చూసి 'కితాబ్' అనడం గుర్తుతెచ్చుకోవడం. మొదటిది తేలిక, అందుకే చాలా ఆటలు అక్కడే ఆగిపోతాయి. పిల్లలకు అన్నీ వచ్చినట్టే కనిపిస్తుంది, మర్నాడు అడిగితే నోరు పెగలదు. కొత్త మాటలు చెప్పిన రోజు గుర్తుపట్టే ఆట ఆడించండి. అదే వారంలో గుర్తుతెచ్చుకునే ఆటకు తప్పకుండా మారండి.

కార్డులు

ఏ4 సైజు అట్టకాగితాన్ని మూడుసార్లు మడిచి కత్తిరిస్తే 8 కార్డులు వస్తాయి. ఒక్కోటి సుమారు 10.5 × 7.4 సెంటీమీటర్లు, పిల్లల చేతికి సరిపోతుంది. పల్చటి కాగితం వాడితే వెనక రాసింది ముందుకు కనిపిస్తుంది. అప్పుడిక వెతికి తీయాల్సిన పనే ఉండదు, చూసి చదివేస్తారు. 180 జీఎస్ఎం (చదరపు మీటరుకు 180 గ్రాములు తూగే) కాగితమైతే ఆ బెడద ఉండదు, నెలల తరబడి నలగదు కూడా.

ముందువైపు బొమ్మ వేయండి. బొమ్మ వేయలేని మాటైతే తెలుగు అర్థం రాయండి. వెనకవైపు అరబీ మాట పెద్దగా, అచ్చుల గుర్తులతో సహా రాయాలి. దాని కింద బహువచనం, మూలలో లింగాన్ని చెప్పే రంగు చుక్క, పుంలింగానికి నీలం, స్త్రీలింగానికి ఎరుపు. చుక్క పొరపాటున కూడా ముందువైపు పడకూడదు. పడితే లింగం గుర్తుపెట్టుకోవడం మానేసి చుక్క చూసి చెప్పడం మొదలవుతుంది.

అచ్చుల గుర్తులు ఎందుకంటే, కాఫ్, తా, బా అనే మూడు అక్షరాలు గుర్తుల్లేకుండా రాస్తే అది 'కతబ' (రాశాడు) కావచ్చు, 'కుతుబ్' (పుస్తకాలు) కావచ్చు, 'కుతిబ' (రాయబడింది) కావచ్చు. కొత్తగా నేర్చుకునేవారు ఏదో ఒకటి ఊహించి, ఆ తప్పునే బట్టీ పడతారు. మూడు వారాల తర్వాత గుర్తులు తీసేసిన కార్డులు ఇవ్వండి, బయటి పుస్తకాలు, పత్రికలు అలాగే ఉంటాయి కాబట్టి. ప్రింటు తీసేటట్టయితే 36 పాయింట్లకు తగ్గించొద్దు, అంతకంటే చిన్నదైతే గుర్తులు అక్షరంలో కలిసిపోతాయి. చేత్తో రాసేటట్టయితే తర్వాతి అక్షరంతో కలవని ఆరింటిని (అలిఫ్, దాల్, జాల్, రా, జాయ్, వావ్) సరిచూసుకోండి. కంగారులో వాటిని కలిపి రాయడం చాలామంది చేసే తప్పు.

అరబీ మాటను తెలుగు లిపిలో మాత్రం కార్డు మీద రాయొద్దు. ఇక్కడ చదివేవారి సౌకర్యం కోసం తెలుగులో రాస్తున్నాం గానీ, కార్డు మీద అది హాని చేస్తుంది. 'సైఫ్' అని రాస్తే అది సీన్‌తో మొదలయ్యే కత్తా, సాద్‌తో మొదలయ్యే వేసవా? 'తీన్' అంజూరపండా, బంకమట్టా? 'అమల్' అలిఫ్‌తో అయితే ఆశ, ఐన్‌తో అయితే పని. 'అలమ్' కూడా అంతే, అలిఫ్‌తో నొప్పి, ఐన్‌తో జెండా. గొంతు లోపలి నుంచి వచ్చే ఖాఫ్‌కూ, గరగరమనే ఖాకూ మన లిపిలో ఒకటే 'ఖ' దొరుకుతుంది. తెలుగు లిపికి అలవాటుపడిన కన్ను అరబీ అక్షరం వైపు పోదు, చెవి కూడా ఆ తేడాను వదిలేస్తుంది.

వారానికి 12 మాటలు చాలు. అవన్నీ ఒకే గుంపులోంచి తీయొద్దు. పాఠ్యపుస్తకాలు రంగులన్నీ ఒక పాఠంలో, శరీరభాగాలన్నీ ఇంకో పాఠంలో పెడతాయి గానీ, అర్థంలో దగ్గరగా ఉన్న మాటలు ఒకేసారి నేర్పితే ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. భాషా పరిశోధకుడు థామస్ టింకమ్ 1990లలో చేసిన ప్రయోగాల్లో కూడా అలాంటి గుంపుల కంటే సంబంధం లేని మాటలే త్వరగా వచ్చాయి. అరబీలో ఈ చిక్కు మరీ ఎక్కువ. అహ్మర్, అఖ్దర్, అస్ఫర్, అజ్రఖ్, అస్వద్, అబ్యద్: ఆరు రంగులూ ఒకే మూసలో పోసిన మాటలు. అర్థమూ దగ్గరే, చప్పుడూ దగ్గరే. వారానికి రెండు రంగుల చొప్పున తెచ్చి, ఆరూ వచ్చాక కలిపి ఆడించండి.

బోర్డు మీద కొట్టే ఆట

అందరికీ తెలిసిన ఆటే. బోర్డు మీద మాటలు రాసి, రెండు జట్ల నుంచి ఒక్కొక్కరిని పిలిచి, టీచరు చెప్పిన మాట మీద ముందు ఎవరు చెయ్యి వేస్తే వారికి మార్కు. గుర్తుతెచ్చుకోవడానికి ఇది దాదాపు పనికిరాదు. ఒక్క పనికి మాత్రం దీన్ని మించింది లేదు, దగ్గరి ధ్వనుల మధ్య తేడా చెవికి పట్టించడానికి.

బోర్డు మీద ఎనిమిది మాటలే రాయండి, నాలుగు జంటలుగా: ఖల్బ్ (గుండె), కల్బ్ (కుక్క), పైన చెప్పిన సైఫ్ రెండూ, తీన్ రెండూ, అమల్ రెండూ. జంటలోని రెండు మాటల్నీ పక్కపక్కన కాకుండా బోర్డుకు చెరో చివర రాయాలి. ఆడేవారు బోర్డుకు రెండు మీటర్ల దూరంలో నిలబడాలి, లేకపోతే ఒకరినొకరు తోసుకుంటారు. మాట రెండుసార్లు పలికాకే కదలాలి. కూర్చున్నవారు ఖాళీగా ఉండకూడదు. మాట వినగానే మొదటి అక్షరాన్ని పలక మీదో కాగితం మీదో రాసి, పైకెత్తి చూపాలి. ఆ అక్షరాలు కూడా జట్టు మార్కుల్లో కలపండి. అప్పుడు ఇద్దరి ఆట ముప్పై మంది ఆట అవుతుంది.

జంటలోని రెండు మాటలూ ఒకే రోజు నేర్పి ఈ ఆట పెట్టొద్దు. ఒకటి కనీసం వారం పాతబడి, గట్టిపడి ఉండాలి. రెండూ పచ్చిగా ఉన్నప్పుడు ఆడిస్తే ఏది గుండె, ఏది కుక్క అన్నది చాలాకాలం తారుమారు అవుతూనే ఉంటుంది.

ఏకవచనం–బహువచనం జోడీలు

తెలుగులో 'లు' చేరిస్తే దాదాపు పని అయిపోతుంది. అరబీలో చాలా మాటలకు లోపలి అచ్చులే మారిపోతాయి, అందుకని బహువచనాన్ని ఇంకో కొత్త మాటలాగే నేర్వాలి. మొదటిసారికి ఎనిమిది జోడీలు: ఖలమ్–అఖ్లామ్ (కలం), బాబ్–అబ్వాబ్ (తలుపు), వలద్–అవ్లాద్ (అబ్బాయి), బైత్–బుయూత్ (ఇల్లు), దర్స్–దురూస్ (పాఠం), కితాబ్–కుతుబ్ (పుస్తకం), మదీన–ముదున్ (నగరం), రజుల్–రిజాల్ (మనిషి).

ఈ ఆటకు విడిగా 16 కార్డులు చేసి, ఒకవైపే రాయండి. నాలుగు వరసలు, వరసకు నాలుగు చొప్పున బోర్లా పరచండి. గుంపుకు ముగ్గురే ఉండాలి. నలుగురైతే వంతు కోసం ఎదురుచూపు ఎక్కువవుతుంది. ఒక కార్డు తిప్పాక, రెండోది తిప్పే ముందే దాని జోడీని బిగ్గరగా చెప్పాలి. 'బాబ్' తిప్పితే 'అబ్వాబ్' అనాలి, ఆ తర్వాతే చెయ్యి కదలాలి. చెప్పలేకపోతే వంతు పోయినట్టే. ఈ నియమం లేకపోతే పిల్లలు మాటల్ని కాదు, కార్డు ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటారు. రెండో వరసలో మూడోది అని ఠక్కున తీస్తారు గానీ దాని పేరు చెప్పమంటే తెల్లమొహం వేస్తారు.

ఆట అయ్యాక రెండు నిమిషాలు జోడీల్ని మూసల వారీగా పేర్పించండి. అఖ్లామ్, అబ్వాబ్, అవ్లాద్ ఒక కుప్ప, బుయూత్, దురూస్ ఒకటి, కుతుబ్, ముదున్ ఒకటి. రిజాల్ ఒంటరిగా మిగులుతుంది. తర్వాతి వారం 'కిలాబ్' (కుక్కలు) తెస్తే దానికి తోడు దొరుకుతుంది. ఇవి మూసలని పిల్లలే కనిపెట్టేదాకా మీరు చెప్పకండి.

ధాతువుల కుటుంబాలు

అరబీ మాటలకు ఇంతకంటే తగిన ఆట లేదు. మూడు హల్లుల ధాతువులోంచి మాటలు గుత్తులుగా పుడతాయి. ఒక్క మాట గట్టిగా వస్తే మిగతావి దాన్ని పట్టుకునే వస్తాయి. తయారుచేయడానికి ఒక సాయంత్రం పట్టినా, ఏడాది పొడవునా వాడుకోవచ్చు.

ఆరు కుటుంబాలు, కుటుంబానికి నాలుగు మాటలు, మొత్తం 24 కార్డులు.

క-త-బ: కితాబ్ (పుస్తకం), కాతిబ్ (రచయిత), మక్తబ (గ్రంథాలయం), మక్తూబ్ (రాసినది).
ద-ర-స: దర్స్ (పాఠం), మదరస (బడి), ముదర్రిస్ (ఉపాధ్యాయుడు), దిరాస (చదువు).
ఐన్-ల-మ: ఇల్మ్ (జ్ఞానం), ఆలిమ్ (పండితుడు), ముఅల్లిమ్ (ఉపాధ్యాయుడు), మఅలూమ్ (తెలిసినది).
త-బ-ఖ, బరువైన తాతో (బంకమట్టి అనే 'తీన్'లోది): తబ్ఖ్ (వంట), తబ్బాఖ్ (వంటవాడు), మత్బఖ్ (వంటగది), మత్బూఖ్ (వండినది).
ల-ఐన్-బ: లఇబ్ (ఆట), లాఇబ్ (ఆటగాడు), మల్అబ్ (ఆటస్థలం), లుఅబ (ఆటబొమ్మ).
ద-ఖ-ల: దుఖూల్ (లోపలికి రావడం), దాఖిల్ (లోపల), మద్ఖల్ (ప్రవేశద్వారం), దఖ్ల్ (ఆదాయం).

ఈ కార్డుల మీద అరబీ మాట రాయకూడదు. పైన ధాతువు మూడు అక్షరాలూ విడివిడిగా, మధ్యలో ఆ కార్డు మాటకు తెలుగు అర్థం పెద్దగా, కింద మిగతా ముగ్గురు చుట్టాల తెలుగు అర్థాలు చిన్నగా రాయండి. ఉపాధ్యాయుడు రెండు కుటుంబాల్లో వస్తాడు, ఏ మాట కావాలో ధాతువే చెబుతుంది. మాటలన్నీ ఉన్న జవాబుల కాగితం ఒకటి గుంపు మధ్యలో బోర్లా పెట్టండి.

నలుగురికి నాలుగేసి కార్డులు పంచితే 16 పోతాయి, మిగిలిన 8 మధ్యలో కుప్ప. వంతు వచ్చినవారు తమ చేతిలో కనీసం ఒక కార్డు ఉన్న కుటుంబం నుంచే అడగాలి. అబ్బాయినైతే 'హల్ ఇందక మక్తబ?' (నీ దగ్గర మక్తబ ఉందా?) అని, అమ్మాయినైతే 'హల్ ఇందకి మక్తబ?' అని అడగాలి. ఉంటే 'నఅమ్, తఫద్దల్' (అవును, తీసుకో) అంటూ ఇచ్చేయాలి, తీసుకునేది అమ్మాయైతే 'తఫద్దలీ'. లేకపోతే 'లా, లైస ఇందీ' (లేదు, నా దగ్గర లేదు) అంటారు, అడిగినవారు కుప్పలోంచి ఒకటి తీసుకుంటారు. కార్డు దొరికితే ఇంకోసారి అడగొచ్చు. నాలుగూ చేరిన కుటుంబాన్ని నాలుగు మాటలూ పైకి చెప్పి కింద పెట్టాలి.

నోటి నుంచి ఏ మాట వస్తే ఆ కార్డే ఇవ్వాలన్న నియమం మరిచిపోవద్దు. 'కితాబ్' కావాలనుకుని 'కాతిబ్' అంటే రచయిత కార్డే వస్తుంది. కుటుంబంలో లేని మాట అంటే వంతు పోతుంది. అచ్చు దీర్ఘమైతే అర్థం మారిపోతుందని ఎన్నిసార్లు బోర్డు మీద రాసినా ఎక్కనిది, ఇలా ఒక్కసారి కార్డు తప్పిపోతే ఎక్కుతుంది. మక్తబ, మక్తబ్ (ఆఫీసు, రాతబల్ల) విషయంలో పేచీ వస్తే కాగితం తిప్పి చూసుకుంటారు. మీరు తీర్పు చెప్పడానికి పరిగెత్తనక్కర్లేదు.

మొదటిసారి ఆట నత్తనడక నడుస్తుంది, ఎందుకంటే ప్రశ్న వాక్యమే నోరు తిరగదు. ఆట మొదలయ్యేముందు ఆ మూడు వాక్యాల్నీ రెండు నిమిషాలు అందరితో పలికించి, బోర్డు మీద ఉంచండి. మూడోసారికి చెరిపేయండి.

మూడుసార్లు ఆడాక ఇంకో మెట్టు ఎక్కవచ్చు. కాతిబ్, ఆలిమ్, లాఇబ్ ఒక మూస, పని చేసేవారు. మక్తూబ్, మఅలూమ్, మత్బూఖ్ ఒక మూస, పని జరిగినది. మక్తబ, మదరస, మత్బఖ్, మల్అబ్ చోట్లు. పిల్లలకు తెలియని ధాతువు ఒకటి, సాద్-న-ఐన్ (తయారుచేయడం), ఇచ్చి తయారుచేసే చోటును ఏమంటారో ఊహించమనండి. 'మస్నఅ' (కర్మాగారం) అని వాళ్లంతట వాళ్లు అంటారు. ఈ లెక్క అన్నిచోట్లా కుదరదని కూడా వెంటనే చూపించాలి. మస్జిద్, మజ్లిస్ చోట్లే అయినా వాటి రెండో అచ్చు 'ఇ'.

హాజా, హాజిహి

తెలుగులో పుస్తకమూ 'ఇది'యే, బడీ 'ఇది'యే. అరబీలో పుస్తకం పుంలింగం (హాజా కితాబ్), బడి స్త్రీలింగం (హాజిహి మదరస). మనకు అలవాటు లేని సంగతి కాబట్టి దీనికి వేగం కావాలి. జంటకు 20 కార్డులు ఇచ్చి, బొమ్మవైపు చూస్తూ హాజా అయితే కుడికి, హాజిహి అయితే ఎడమకు వేయించండి. ఊరికే వేయడం కాదు, 'హాజా కితాబ్' అని మొత్తం అంటూ వేయాలి. 60 సెకన్లలో ఎన్ని సరిగ్గా వేశారన్నది మార్కు, తప్పు వేసినదానికి రెండు తగ్గించాలి. తగ్గించకపోతే గుడ్డిగా విసిరేస్తారు.

మొదటి వారంలో, మాట చివర 'తా మర్బూతా' (స్త్రీలింగాన్ని చూపే గుండ్రటి తా) ఉన్న మాటలే స్త్రీలింగంలో ఉంచండి. రెండో వారం ఆ గుర్తు లేకుండానే స్త్రీలింగమైనవి నాలుగు కలపండి: షమ్స్ (సూర్యుడు), అర్ద్ (నేల), యద్ (చెయ్యి), ఐన్ (కన్ను). మూడో వారం మనుషులు కానివాటి బహువచనాలు కలపండి. 'ఇవి పుస్తకాలు' అన్నది 'హాజిహి కుతుబ్' అవుతుంది, బహువచనం ఏకవచన స్త్రీలింగంలా నడుస్తుంది. ఇవన్నీ మొదటి రోజే కలిపితే నియమమూ రాదు, మినహాయింపూ రాదు.

తెలుగులో ముందే ఉన్నవి

అరబీ నుంచి ఎక్కువగా పారసీ, ఉర్దూల మీదుగా మనకు చేరిన మాటలు బోలెడు. కలం, కుర్చీ, జవాబు, హక్కు, తారీఖు, ఖాళీ, బాకీ అర్థం పెద్దగా మారకుండానే ఉన్నాయి. కొన్ని మాత్రం దారిలో వేషం మార్చుకున్నాయి. మన 'సవాలు' పందెం, అక్కడ 'సుఆల్' అంటే ప్రశ్న. 'గరీబు' మనకు పేదవాడు, అక్కడ 'గరీబ్' వింతైనది, పరాయివాడు. 'రద్దు' అక్కడ తిరిగివ్వడం, బదులివ్వడం. 'అమలు' అక్కడ పని. 'ఇలాకా' మనకు ప్రాంతం, అక్కడ 'అలాఖ' సంబంధం.

ఆట అయిదు నిమిషాల్లో అయిపోతుంది. ఒకవైపు పచ్చ, ఇంకోవైపు ఎరుపు ఉన్న ముక్క ఒక్కొక్కరికి ఇవ్వండి. మీరు తెలుగు మాట అంటారు, అర్థం అదేనైతే పచ్చ, మారితే ఎరుపు. అందరూ ఒకేసారి ఎత్తాలి, పక్కవారిని చూసి ఎత్తే వీలివ్వకండి. ఎరుపు ఎత్తినవారిలో ఒకరు అరబీ అర్థం చెప్పాలి. మొదటి నెలలో బెరుకుగా ఉన్న తరగతికి ఇది మంచి ఊపునిస్తుంది. ఉచ్చారణ మాత్రం విడిగా దిద్దాలి. 'హక్కు'లో తెలుగు 'హ' ఉంది, అరబీ మాటలో గొంతు నొక్కి పలికే హా, చివర ఖాఫ్.

బింగో, ఆజ్ఞల ఆట

బింగోను మామూలుగా ఆడితే వినడం, గీత కొట్టడం, అంతే. రెండు మార్పులు చేయండి. 3 × 3 గడుల్లో మాటల్ని పిల్లలే చూడకుండా అరబీలో రాసుకోవాలి, మీరు పిలిచేటప్పుడు అర్థమో బొమ్మో ఇవ్వాలి గానీ అరబీ మాట అనకూడదు.

ఆజ్ఞల ఆటలో 'ఖాల అల్-ముఅల్లిమ్' (టీచరు చెప్పారు; టీచరు మహిళ అయితే 'ఖాలత్ అల్-ముఅల్లిమ') అన్నాకే పని చేయాలి. ఖుమ్ (లే), ఇజ్లిస్ (కూర్చో), ఇఫ్తహ్ అల్-బాబ్ (తలుపు తియ్యి), ఖుజ్ అల్-ఖలమ్ (కలం తీసుకో). అమ్మాయిలకు ఖూమీ, ఇజ్లిసీ, ఇఫ్తహీ, ఖుజీ అవుతాయి. ఒక్కోసారి అబ్బాయిల రూపమే అనండి, అమ్మాయిలు కదిలితే తప్పు. రెండో వారం నుంచి ఆజ్ఞలిచ్చే పని పిల్లలకు అప్పగించండి. మాట గుర్తుతెచ్చుకునేది ఆజ్ఞ ఇచ్చేవారే.

మళ్లీ ఎప్పుడు

నేర్చినది మొదటి రోజుల్లోనే ఎక్కువగా జారిపోతుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. అందుకే ఒకే మాటల మీద ఒక రోజు నలభై నిమిషాలు ఆడే కంటే పది నిమిషాల చొప్పున నాలుగు రోజులకు విడదీయడం మేలు. చెప్పిన రోజు, రెండు రోజులకు, వారానికి, మూడు వారాలకు ఆడిస్తే సరిపోతుంది.

మాటలు ఎక్కడున్నాయో తెలియడానికి జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన పెట్టె పద్ధతిని తరగతి మొత్తానికి వాడొచ్చు. అట్టపెట్టెలో మూడు అరలు చేయండి. కొత్త మాటలు మొదటి అరలో ఉంటాయి, అవి ప్రతి తరగతిలోనూ బయటికి వస్తాయి. ఆట జరిగిన మర్నాడు అయిదు నిమిషాలు మౌనంగా రాత పరీక్ష పెట్టండి, 12 బొమ్మలు చూపితే 12 మాటలు రాయాలి. మార్కులు వేయొద్దు, ఏ మాట ఎంతమందికి వచ్చిందో మాత్రం లెక్కపెట్టండి. ముప్పై మందిలో 24 మందికి వచ్చిన మాట రెండో అరలోకి వెళ్తుంది, అది వారానికోసారి ఆడే అర. అక్కడా నిలిస్తే మూడో అర, నెలకోసారి. తప్పితే మళ్లీ మొదటి అరకు రావాలి. తరగతిలో ఎక్కువమంది 12కి 8 కూడా రాయలేకపోతే ఆ వారం కొత్త మాటలు ఆపేయండి.

మూడు వారాలైనా మొదటి అరలోనే ఉండిపోయే మాటలు ఒకటో రెండో ఎప్పుడూ ఉంటాయి. వాటిని ఇంకా ఎక్కువసార్లు ఆడించి లాభం లేదు. కార్డు తీసి చూడండి. బొమ్మ రెండు అర్థాలిస్తుండొచ్చు. వంటగది బొమ్మలో వంటవాడు కూడా ఉంటే మత్బఖా, తబ్బాఖా తేలదు. లేదంటే దాని దగ్గరి ధ్వని ఉన్న మాట అదే వారంలో చేరి ఉండొచ్చు. బొమ్మ మార్చండి, ఆ రెండో మాటను నెల రోజులు పక్కన పెట్టండి, ఆగిపోయినదాన్ని ముందే వచ్చిన చుట్టం పక్కన, అదే ధాతువు కుటుంబంలో చేర్చి మళ్లీ మొదటి అరలో వేయండి.